వెలిగినా, వెలగకున్నా హెచ్చరికే

మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారైన ప్రతి కారులోనూ డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ ఉండి తీరాలి. ముందు పక్క సీటుకూ ఉండాలన్న నిబంధన 2021లో వచ్చింది. ఆరు బ్యాగులు తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదన వాయిదా పడి, 2023లో అటకెక్కింది. ఈ చర్చంతా కారులో ఎన్ని బ్యాగులున్నాయన్న లెక్క చుట్టూనే తిరిగింది. ఉన్న బ్యాగు పదేళ్ల తర్వాత అవసరమైన క్షణంలో తెరుచుకుంటుందా అన్నది మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ సంగతి రోజూ చెబుతున్నది డ్యాష్‌బోర్డు మీది చిన్న దీపం: కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బ్యాగు బొమ్మ.

కీ తిప్పగానే అది వెలుగుతుంది. చాలా కార్లలో ఆరేడు సెకన్లకు ఆరిపోతుంది. ఆ కాస్త సమయంలోనే సాధారణంగా గేర్ లివరు పరిసరాల్లో కారు నేలకు బిగించి ఉండే కంట్రోల్ యూనిట్ తన అధీనంలోని తీగలన్నిటినీ పరీక్షించుకుంటుంది. బ్యాగులో గ్యాసు పుట్టించే ఇగ్నైటరుకు సుమారు రెండు ఓముల రెసిస్టెన్స్ ఉంటుంది. దాన్ని మండించాలంటే ఒక ఆంపియరుకు పైగా కరెంటు కావాలి. యూనిట్ అందులో చిన్న వంతు మాత్రమే పంపి రెసిస్టెన్స్ కొలుస్తుంది. లెక్క బాగా ఎక్కువొస్తే తీగ తెగిందనో కనెక్టరు వదులైందనో అర్థం. మరీ తక్కువొస్తే తీగలు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయని. ఢీకొన్న దెబ్బను గుర్తించే సెన్సర్లు, సీటుబెల్టును బిగించే ప్రిటెన్షనర్లు, ప్రమాదంలో బ్యాటరీ తెగినా బ్యాగుకు కరెంటు అందించే కెపాసిటరు, అన్నీ ఈ తనిఖీలోకి వస్తాయి. బండి నడుస్తున్నంతసేపూ ఇది సాగుతూనే ఉంటుంది. తేడా కనబడితే యూనిట్ దాన్ని ఒక కోడ్‌గా భద్రపరచి దీపం వెలిగిస్తుంది.

తరచుగా పాడయ్యే చోటు స్టీరింగే. చక్రం అటూ ఇటూ తిరుగుతున్నా బ్యాగుకు కరెంటు తెగకుండా లోపల ఒక పలుచని రిబ్బన్ తీగను గుండ్రంగా చుట్టి ఉంచుతారు. మెకానిక్కులు దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. ఏళ్ల తరబడి చుట్టుకుంటూ విప్పుకుంటూ అది ఎక్కడో చిట్లుతుంది. చాలా కార్లలో హారన్ తీగ కూడా అందులోంచే వెళ్తుంది కాబట్టి, హారన్ మూగబోయి దీపం కూడా వెలిగితే అనుభవమున్న మెకానిక్ ముందుగా అనుమానించేది దాన్నే. తర్వాతి అనుమానం సీట్ల కింది పసుపు కనెక్టర్ల మీద. సీటు కవర్లు వేయించాకో లోపల కడిగించాకో దీపం వెలిగిందంటే వాటిలో ఒకటి కదిలి ఉండవచ్చు.

‘బండి బాగానే నడుస్తోంది కదా’ అని ఈ దీపాన్ని వదిలేయడం మన దగ్గర మామూలైపోయింది. అది తప్పు. లోపం ఉన్నప్పుడు ఆ ఒక్క బ్యాగే పనిచేయకపోవచ్చు, మొత్తం వ్యవస్థే పక్కకు తప్పుకోవచ్చు. డ్రైవరు సీట్లోంచి ఏ సంగతీ తెలియదు.

కీ తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోవడం ఇంకా ప్రమాదం. దీపం తన సొంత ఆరోగ్యాన్ని కూడా తానే చూసుకోవాలని అమెరికా భద్రతా ప్రమాణం 208 స్పష్టంగా చెబుతోంది. మొదటి సెకన్ల వెలుగు అందుకే. చాలా కొత్త కార్లలో కంట్రోల్ యూనిట్ నుంచి సమాచారం ఆగిపోతే మీటరే సొంతంగా దీపం వెలిగిస్తుంది.

అయినా ఈ దీపం హామీ ఇచ్చేది కరెంటు దారికి మాత్రమే. బ్యాగు లోపలి రసాయనం సంగతి దానికి తెలియదు. ఎయిర్‌బ్యాగులు తయారుచేసిన టకాటా కంపెనీ ఉదంతం దీన్ని ఘోరంగా రుజువు చేసింది. ఆ కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో, అంటే బ్యాగును గ్యాసుతో నింపే భాగాల్లో, వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి ఉక్కకు, వేడికి గురై, పేలాల్సిన దానికన్నా ఉద్ధృతంగా పేలింది. లోహపు గుల్ల చీలి, ముక్కలు మనుషులకు గుచ్చుకున్నాయి. తీగలు సవ్యంగా ఉన్నాయి, దీపం ఆరే ఉంది. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లు రీకాల్ చేయాల్సి వచ్చింది. అక్కడ ముందుగా ఫ్లోరిడా లాంటి తేమ ప్రాంతాల మీద దృష్టి పెట్టారు. మన కోస్తా జిల్లాల్లోనూ అలాంటి ఉక్కే కాబట్టి, టకాటా కాలం నాటి కారున్నవారు ఛాసిస్ నంబరుతో రీకాల్ జాబితా చూసుకోవాలి. రసాయనమే కాదు, తనిఖీ చేసే కంట్రోల్ యూనిట్‌లోనే లోపం ఉండవచ్చు: ఆ అనుమానంతోనే 2023 జనవరిలో మారుతి 17,362 కార్లను వెనక్కి పిలిచింది.

లోపాన్ని దీపం కనిపెట్టలేకపోవడం ఒక ఎత్తు, కావాలని దాని కళ్లు కప్పడం మరో ఎత్తు. ప్రమాదంలో బ్యాగు తెరుచుకున్నాక కొత్తది వేయించడం ఖరీదైన పని. దాని బదులు రెండు ఓముల రెసిస్టర్ తగిలిస్తే యూనిట్‌కు కొలత సరిగ్గానే కనబడుతుంది, దీపం ఆరిపోతుంది. కవరు వెనక బ్యాగు ఉండదు. దీపం తీగను పక్క దీపానికి కలిపేసే మోసమూ ఉంది. సెకండ్ హ్యాండ్ కారు కొనే కుటుంబం దీన్ని పట్టుకోలేదు. దీనికి వరద తోడైంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ప్రాంతంలో కార్లు నీట మునిగాయి. కంట్రోల్ యూనిట్, సీటు కనెక్టర్లు ఉండేది నేల మట్టంలో. నీళ్లు ముందు చేరేది అక్కడికే. చిలుము నెమ్మదిగా, నెలల తర్వాత బయటపడుతుంది.

బ్రిటన్‌లో ఏటా చేసే ఎంవోటీ పరీక్షలో ఎయిర్‌బ్యాగ్ దీపం లోపం చూపిస్తే కారు ఫెయిల్. మన సొంత కార్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ పదిహేనేళ్లకు గాని రాదు. ఈలోగా క్రమం తప్పకుండా అడిగేది పొల్యూషన్ సర్టిఫికెట్, బీమా. యాజమాన్యం మారేటప్పుడు దీపం తనిఖీ, యూనిట్‌లోని కోడ్‌లు చదివే స్కానర్ రిపోర్టు తప్పనిసరి చేయడానికి కొత్త యంత్రాంగమేమీ అక్కర్లేదు. రెసిస్టర్ మోసం ఒక్కటి మాత్రం స్కానరుకు అందదు. దానికి వేరే ఆధారం కావాలి, అది బీమా కంపెనీల దగ్గరే ఉంది. క్లెయిము వచ్చిన కార్లలో ఏ కారు బ్యాగులు తెరుచుకున్నాయో, ఏది నీట మునిగిందో వాటి ఫైళ్లలో నమోదై ఉంటుంది. ఆ వివరాన్ని రిజిస్ట్రేషన్ నంబరు కొట్టగానే వాహన్ పోర్టల్‌లో కొనేవారికి కనబడేలా చేయాలి.