చేతికి తగిన మీటలు

కంప్యూటరు కొనదలచినవారు దుకాణంలో మొట్టమొదట అడిగేది దాని వేగమెంత, జ్ఞాపకశక్తి ఎంత అని. తరువాత తెర వెడల్పు చూస్తారు, వెల దగ్గర బేరమాడతారు. తీరా బిల్లు వ్రాసే వేళకు దుకాణదారు ఏ కీబోర్డు, ఏ మౌస్ చేతిలో పెడితే వాటినే సంచిలో వేసుకొని ఇంటికి వస్తారు. ఇందులో ఒక వింత ఉన్నది. ఆ యంత్రం మొత్తంలో మన శరీరానికి తగిలే భాగాలు అవే. లోపలి భాగాల మంచిచెడ్డలు మనకు ఎప్పుడో గాని తెలియవు. మీటల మంచిచెడ్డలు వ్రేళ్ళకు క్షణక్షణమూ తెలుస్తూనే ఉంటాయి.

బిలాస్‌పూర్ వంటి ఊరిలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన దారి పొడుగునా తెలుగువారిని కొలువులకు రప్పించుకొన్నది. 1931లో విజయనగరం వైపు నుండి రాయపూర్‌కు రైలుదారి కలిసిన తరువాత రాకపోకలు మరీ సులభమైనవి. అట్లా ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చి తరాల తరబడి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నవి. ఇంట తెలుగు, బడిలో హిందీ, ఉద్యోగానికి ఆంగ్లం. 2003లో ఆ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. ఛత్తీస్‌గఢ్ ఉన్నత న్యాయస్థానమూ, రైల్వే నియామక మండలీ, సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ అక్కడే ఉన్నవి. ఇన్ని కచేరీలున్న చోట టైపు చేయగల వ్రేళ్ళకు గిరాకీ ఉండటం సహజమే గదా!

రైల్వేలో గుమాస్తా, టైపిస్టు ఉద్యోగాలు కోరేవారు వ్రాత పరీక్షలు నెగ్గిన తరువాత కంప్యూటరు మీద టైపు పరీక్షకు కూర్చోవాలి. నిమిషానికి ఆంగ్లంలో 30 మాటలు గాని, హిందీలో 25 మాటలు గాని కొట్టగలగాలి. అక్షరదోషాలను ఎత్తి చూపే సౌకర్యం అక్కడ ఉండదు. ఈ పరీక్షకు విడిగా మార్కులు కలపరు; దాటామా, దాటలేదా అన్నదే లెక్క. ఏళ్ళ తరబడి చదివి ఇంతదాకా వచ్చినవాడు కేవలం వ్రేళ్ళు తడబడి ఇంటికి తిరిగిపోవటం కంటె బాధాకరం ఏముంటుంది? కనుక కీబోర్డు ఎంపికను సరదా సరకుల కోవలో చేర్చరాదు.

కొనటానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఒకటున్నది. అది ఏ అక్షరక్రమం నేర్చుకోవాలి అన్నది. ఆంగ్లానికి చిక్కు లేదు. 1870ల నాటి రెమింగ్టన్ టైపు యంత్రాల క్రమమే నేటికీ నడుస్తున్నది. చిక్కంతా భారతీయ భాషలతోనే. హిందీ టైపు బడులలో కృతిదేవ్, మంగల్ అనే రెండు పేర్లు తరచుగా వినబడతాయి. కృతిదేవ్ పాత హిందీ టైపు యంత్రం క్రమాన్ని అనుసరించినది. అందులో కొట్టిన వ్రాత, ఆ ఖతి లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని ఆంగ్లాక్షరాల కుప్పగా కనిపిస్తుంది. మంగల్ యూనికోడ్ ఖతి కనుక ఆ బాధ లేదు. అభ్యర్థి తన పరీక్ష ప్రకటనలో ఏది అనుమతించారో చదివి గాని సాధన మొదలుపెట్టకూడదు. ఒకసారి వ్రేళ్ళకు అలవాటైన క్రమాన్ని మాన్పించటం, ఎడమచేతి వాటం మాన్పించటమంత కష్టం.

నిర్బంధమేమీ లేనివారికి, ముఖ్యంగా రెండు లిపులు వచ్చినవారికి, నా ఓటు ఇన్‌స్క్రిప్ట్ క్రమానికే. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1980లలో దీనిని ప్రమాణంగా నిర్ణయించింది. దీని సుగుణం ఏమిటంటే, లిపి మారినా అక్షరం ఉండే చోటు మారదు. అచ్చులు, వాటి గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు ఉంటాయి. ఆంగ్ల ‘కె’ మీట మీద తెలుగులో క, హిందీలోనూ కకారమే. హిందీలో ‘రేల్’ అని వ్రాయాలన్నా, తెలుగులో ‘రైలు’ అని వ్రాయాలన్నా రకారానికి ‘జె’, లకారానికి ‘ఎన్’ మీటలే నొక్కుతాము, తేడా గుణింతంలోనే. హిందీకి నిత్యం అవసరం లేని మన హ్రస్వ ఎకార, ఒకారాలకు ఎడమ అంచున వేరే స్థానాలున్నవి. అంటే బిలాస్‌పూర్‌లో హిందీ టైపు కోసం ఇన్‌స్క్రిప్ట్ నేర్చిన తెలుగు పిల్లవానికి, విజయనగరంలోని తాతగారికి తెలుగులో ఉత్తరం వ్రాసే విద్య ముక్కాలు మువ్వీసం అప్పటికే చేతిలో ఉన్నదన్నమాట. ఒక సాధనకు రెండు భాషలు! ఈ లాభం గురించి టైపు బడులవారు ఎందుకో అంతగా చెప్పరు.

మీటల మీద అంటించుకొనే తెలుగు, హిందీ చీటీలు బజారులో దొరుకుతాయి. మొదటి వారానికి పనికివస్తాయి గాని, చెమటకు అంచులు లేచి, జిగురు వ్రేలికి తగులుతుంది. పైగా చూపు కిందికి వాలే అలవాటు పోదు. గోడకు ఒక పటం తగిలించుకోవటం మేలు.

ఇక వస్తువు ఎంపిక. సామాన్యంగా దొరికే చవక కీబోర్డులలో మీటల కింద రబ్బరు బుడిపెలు ఉంటాయి. ప్రతి మీటకూ విడిగా స్ప్రింగు, స్విచ్చి ఉన్నవి మెకానికల్ రకం. వెల కొన్ని రెట్లు ఎక్కువ. తయారీదారుల లెక్క ప్రకారం రబ్బరు మీట అర కోటి నుండి కోటి నొక్కుళ్ళ వరకు, మెకానికల్ మీట అయిదు కోట్లకు పైగా నిలుస్తాయి. దినమంతా టైపు చేసి పొట్టపోసుకొనేవారికి రెండవది దుబారా కాదు. పరీక్షార్థికి మాత్రం మొదటి రకమే మంచిదంటాను. పరీక్షా కేంద్రాలలో సాధారణంగా ఉండేవి అవే. అలవాటు లేని మీటల మీద వేగం తప్పకుండా పడిపోతుంది. ల్యాప్‌టాప్ మీదనే సాధన చేసి పరీక్షకు వెళ్ళేవారి అవస్థ ఇదే. దాని మీటలు లోతు తక్కువ, చప్పున దిగుతాయి.

టైపు యంత్రం మీద లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైన పెద్దలు ఇప్పటికీ మీటను సుత్తితో కొట్టినట్టు కొడతారు. ఆ యంత్రానికి ఆ బలం అవసరమే. కంప్యూటరు మీట మెల్లగా నొక్కినా అక్షరాన్ని పలికిస్తుంది. ఆపైన వేసిన బలమంతా వ్రేలి కీళ్ళకే తిరిగి వస్తుంది. మరొక మాట. కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్ళను పైకి లేపటం చాలామందికి అలవాటు. దానివలన మణికట్టు వెనక్కు వంగి నొప్పి పుడుతుంది. కాళ్ళు మడిచి, మోచేయి బల్ల ఎత్తుకు వచ్చేటట్టు కూర్చోవాలి. కుర్చీ ఎత్తు చాలకపోతే దుప్పటి మడిచి వేసుకోండి, తప్పులేదు.

మౌస్ కథ చిన్నది. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1960లలో చేసిన మొదటి మౌస్ ఒక కొయ్య పెట్టె. తరువాతి కాలపు బంతి మౌస్‌లకు కడుపులో పేరుకొన్న పీచు గోకటమే పెద్ద చాకిరి. నేటి కాంతి మౌస్‌లకు ఆ బాధ లేదు. అడుగున ఉన్న కన్నును పొడి దూదిపుల్లతో అప్పుడప్పుడు తుడిస్తే చాలు. గాజు బల్ల మీద బాణం గెంతుతుంటే మౌస్‌ను తిట్టక, కింద ఒక కాగితం వేసి చూడండి. కొనేటప్పుడు అరచేతితో పట్టి చూడాలి. మరీ చిన్నదైతే వ్రేళ్ళు గోళ్ళవలె వంగి ఉండవలసి వస్తుంది. తీగలేని మౌస్‌ను చాలా దినాలు వాడకపోతే బ్యాటరీ తీసి ఉంచాలి. అది కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి.

బిలాస్‌పూర్ ప్రాంతం బొగ్గు రవాణాకు పెట్టింది పేరు. కోర్బా గనుల బొగ్గు బండ్లు ఎడతెగక సాగే ఆ ప్రాంతంలో కిటికీ గూటి మీద పడే నల్లధూళి కీబోర్డు మీద పడక మానుతుందా? పని ముగియగానే ఒక నూలుగుడ్డ కప్పటమే అన్నిటికంటె చవకైన సంరక్షణ. వారానికొకసారి తీగ ఊడదీసి, బోర్లించి మెల్లగా తట్టి, మెత్తని కుంచెతో మీటల సందులు తుడవాలి. జిడ్డు పోవటానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో చెమ్మ చేసిన గుడ్డ చాలు. ద్రవాన్ని నేరుగా పోయరాదు.

పాలు, చక్కెర కలిసిన టీ ఒలికితే అది నీళ్ళకంటె చేటు. ఆరిన తరువాత మీటలను బంకవలె పట్టుకొంటుంది. వెంటనే తీగ తీసి బోర్లించాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు పెరికి, యంత్రం ఆపి, పనిచేస్తున్నదో లేదో చూద్దామన్న ఉబలాటం అణచుకొని, మరమ్మతుకు ఇవ్వాలి. బియ్యపు డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చే ఆప్తులు ఉంటారు. బియ్యం అన్నానికే ఉంచుకోండి.

ట్రాక్‌ప్యాడ్ వ్రేలిలోని స్వల్ప విద్యుద్గుణాన్ని పసిగట్టి పనిచేస్తుంది. కనుక చెమట చేతికి బాణం అటూ ఇటూ గెంతుతుంది. ముందు చేయి తుడుచుకోవాలి. ఛార్జరు తగిలించినప్పుడు మాత్రమే గెంతుతుంటే దానిని తీసి చూడండి. కుదురుకొంటే దోషం పలకలో లేదు. ఛార్జరులోనో, గోడ ప్లగ్గుకు ఎర్తు సరిగా లేకపోవటంలోనో ఉన్నది. పాత క్వార్టర్లలో ఉన్నవారు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించుకోవాలి.

ఒక్క లక్షణాన్ని మాత్రం ఉపేక్షించకూడదు. ట్రాక్‌ప్యాడ్ నొక్కితే దిగక గట్టిపడటం, దాని అంచు ఒకవైపు పైకి లేవటం, ల్యాప్‌టాప్ మూత సరిగా మూసుకోకపోవటం కనిపిస్తే, చాలా యంత్రాలలో దాని కిందనే ఉండే బ్యాటరీ ఉబ్బుతున్నదని అనుమానించాలి. 45 డిగ్రీలను తాకే అక్కడి వేసవిలో, పరుపు మీద గాలి ఆడకుండా ఉంచి రాత్రంతా ఛార్జింగులో వదిలేసే ఇళ్ళలో ఇది అపురూపమేమీ కాదు. అరచేతితో అదిమి సరిచేయబోకండి. ఛార్జరు తీసి, యంత్రం ఆపి, పిల్లలకూ మంటకూ దూరంగా ఉంచి, ఆ దినమే బ్యాటరీ మార్పించండి.