తల్లి ఊరు లెక్కలోకి రాదా?

జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల అంతకు ముందు నుంచే ఉంది. బీడీలు చుట్టే తల్లి కూడా తన కూతురు బస్సెక్కి వెళ్లిరాగల దూరంలో డాక్టరు చదువు చదువుతుందని ఆశపడే రోజు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. కానీ సీటు ఇచ్చేముందు ప్రభుత్వం ఒక ప్రశ్న వేస్తోంది: ఈ అమ్మాయి స్థానికురాలేనా?

ప్రశ్న పాతదే. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. విభజన చట్టం 95వ సెక్షన్ పాత కోటాను పదేళ్లపాటు కొనసాగించింది. ఆ గడువు 2024 జూన్‌లో ముగిసింది. జూలైలో తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 33 తెచ్చింది. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరసగా రాష్ట్రంలోనే చదివి ఉండాలంది. రాష్ట్రంలో శాశ్వత నివాసులైన వారికి ఇది వర్తించదని హైకోర్టు 2024 సెప్టెంబరు 5న చెప్పింది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న ఆ తీర్పును కొట్టివేసి ప్రభుత్వ నిబంధనను సమర్థించింది.

నిబంధన వెనకున్న న్యాయాన్ని నేను కాదనను. వెనకబడిన ప్రాంతపు పిల్లలకు తమ గడ్డ మీది కాలేజీల్లో చోటు ఉండాలన్నది తెలంగాణ ఎన్నో ఏళ్లుగా పోరాడిన డిమాండు. డబ్బున్నవాళ్లు నివాస ధృవపత్రం సంపాదించి సీటు తన్నుకుపోతారన్న భయమూ నిజమే. నాలుగేళ్ల చదువును కొలతగా తీసుకోవడానికి అదొక కారణం. నా అభ్యంతరం ఆ కొలత నుంచి ఎవరికి మినహాయింపు దొరికింది, ఎవరికి దొరకలేదన్న దాని గురించే.

బదిలీల మీద బయట పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, అఖిల భారత సర్వీసుల అధికారులు, సైనికోద్యోగులు వంటి వారి పిల్లలకు సడలింపులు ఇస్తామని ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు చెప్పింది. మంచిదే. ఉద్యోగం కోసం తండ్రి వెళితే పిల్లల తప్పేముంది? మరి మగ్గం కోసం వెళితే? సిరిసిల్ల నుంచి భీవండికి, షోలాపూర్‌కు, ముంబాయికి నేత కుటుంబాలు తరతరాలుగా వలస పోతున్నాయి. ఆకలి చేసే బదిలీకి ఆర్డరు కాగితం ఉండదు. అందుకే ఆ పిల్లలకు సడలింపూ లేదు.

ఒక అమ్మాయి ఎనిమిది దాకా సిరిసిల్లలో చదివి, తొమ్మిది, పది భీవండిలో చదివి, ఇంటర్‌కు తిరిగొచ్చిందనుకుందాం. నాలుగేళ్ల వరస తెగింది కనుక ఇక్కడ స్థానికేతరురాలు. మహారాష్ట్ర పది, పన్నెండు రెండూ తన దగ్గరే చదవాలంటుంది కనుక అక్కడా ఆమెకు చోటు లేదు. ఇక మిగిలేది అఖిల భారత కోటా, లేదా లక్షలు పోసి కొనే సీటు. మన ఇళ్లలో అప్పుచేసి సీటు కొనేది ఎవరికోసమో, పెళ్లి చేసి పంపేది ఎవరినో మనకు తెలియనిది కాదు.

ఇంకొక తల్లి సంగతి చూడండి. భర్త హింస భరించలేక షోలాపూర్ నుంచి కూతురితో కోరుట్లలోని పుట్టింటికి వస్తుంది. తల్లి ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, ఆమె ఓటూ ఇప్పుడు ఇక్కడే. అయినా కూతురి స్థానికతకు ఇవేవీ పనికిరావు. పిల్ల చదివిన చోటునే చూస్తున్నాం, తండ్రి ఊరిని కాదు అని ప్రభుత్వం అనవచ్చు. పిల్ల ఎక్కడ చదవాలో నిర్ణయించింది ఎవరు? 1925 నాటి భారత వారసత్వ చట్టం భార్య నివాసం భర్త నివాసాన్ని అనుసరిస్తుందని రాసింది. ఆ చట్టం సంగతి వేరైనా, ఆ ఆలోచన మన ఇళ్లలో ఇంకా బతికే ఉంది. అటు జగిత్యాల పల్లెల్లో భర్తలు గల్ఫ్‌కు పోయినా పిల్లలు స్థానికులుగా ఉన్నారంటే, ఆడవాళ్లు ఊళ్లోనే ఉండి బడికి పంపుతున్నందుకే. ఆ శ్రమకు మాత్రం ఏ జి.ఓ.లోనూ పేరు లేదు.

నిబంధన రద్దు కావాలని నేను అడగడం లేదు. ఉద్యోగుల పిల్లలకిచ్చే సడలింపును వలస కార్మికుల పిల్లలకూ ఇవ్వాలి. భర్త చనిపోయి, విడిపోయి, హింస నుంచి తప్పించుకుని తిరిగొచ్చిన స్త్రీల పిల్లలకు తల్లి స్థానికతను వర్తింపచేయాలి. ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడి స్థానికులుగా చూసే పద్ధతి 1974 ఉత్తర్వులోనే ఉంది. దాన్ని పాటిస్తే పైన చెప్పిన సిరిసిల్ల పిల్ల ఏడింటిలో ఐదేళ్లు ఇక్కడే చదివింది.

ఇవి సాధించేదాకా మన సంఘాలు చేయాల్సిన పని ఒకటుంది. నీట్ రాశాక ధృవపత్రాల కోసం పరుగెత్తితే లాభం లేదు. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే తల్లికి ఈ సంగతి తెలియాలి. వలసకు మూట కట్టే ప్రతి ఇంటికీ మనం వెళదాం. వీలైతే పిల్లను హాస్టల్లోనో, అమ్మమ్మ దగ్గరో ఉంచి ఇక్కడే చదివించమని చెబుదాం. ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెట్టునూ దాచిపెట్టమందాం. ఈ నిబంధన వల్ల సీటు పోయిన అమ్మాయిల వివరాలను మండలాల వారీగా రాసి పెడదాం. సడలింపు అడగడానికి సర్కారు ముందుకు వెళ్లేటప్పుడు మన చేతిలో ఉండాల్సింది ఆ జాబితాయే.