దవడ కీలు... రెడీమేడా? కొలతలిచ్చి చేయించుకోవాలా?

తిరుపతి లడ్డూ చేతిలో ఉంది. తినాలనే ఉంది. కానీ నోరు ఒక వేలు పట్టేంతయినా తెరుచుకోదు. పొడి చేసి పళ్ల సందుల్లోంచి లోపలికి తోసుకోవాల్సిందే! ఇంట్లో అందరూ రాగిసంగటి ముద్దలు మింగుతుంటే తనకు మాత్రం అంబలే దిక్కు. దవడ కీలు ఎముకతో అతుక్కుపోయినవారి కష్టమిది.

మనదేశంలో దీనికి ఎక్కువగా కారణం చిన్నప్పుడు తగిలిన దెబ్బే. పిల్లవాడు మెట్ల మీంచి పడతాడు. గడ్డం చిట్లుతుంది. నాలుగు కుట్లు వేయించి ఊరుకుంటారు. చెవి ముందుండే కీలు విరిగిందేమోనన్న అనుమానం ఎవరికీ రాదు. తర్వాత నోరు కొద్దికొద్దిగా మూసుకుపోతుంది. చెవిలో చీము, కీళ్లవాతం వల్లా ఇలా జరగొచ్చు. మామూలుగా నోట్లో మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. (ఇది చదువుతూనే చాలామంది వేళ్లు నోటి దగ్గరికి వెళ్లుంటాయి!)

ఎదిగే పిల్లలకైతే అతుక్కున్న ఎముక తీసేసి, చాలాసార్లు వాళ్ల పక్కటెముక ముక్కనే అమరుస్తారు. అది పిల్లలతోపాటు పెరిగే అవకాశముంది. లోహపు కీలు పెరగదు కదా! పెద్దవాళ్లకు, అంతకుముందు చేసిన ఆపరేషన్లు ఫలించనివారికి కృత్రిమ కీలు గురించి ఆలోచిస్తారు. మోకీలు, తుంటి మార్పిడి తిరుపతికి కొత్త కాదు. తితిదే బర్డ్ ఆసుపత్రి పేరు తెలియనివారుండరు. దవడకీ అలాంటిదుందన్న సంగతే చాలామందికి తెలియదు.

ఇందులో రెండు భాగాలు. పుర్రె వైపు గట్టి పాలిథిలీన్‌తో చేసిన గుంట, దవడ వైపు లోహపు కాడ. వీటిని స్క్రూలతో బిగిస్తారు.

ఇక ఎంపిక. గాంధీరోడ్డులో రెడీమేడ్ చొక్కా కొనడానికీ, దర్జీకి కొలతలివ్వడానికీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. కాకపోతే రెడీమేడ్ కీలు దగ్గర తిరకాసుంది... అది సరిపోకపోతే కత్తిరించేది చొక్కాని కాదు, మన ఎముకని! అమెరికాలో 2005లో అనుమతి పొందిన బయోమెట్ రెడీమేడ్ కీలులో కాడ 45, 50, 55 మిల్లీమీటర్ల పొడవుల్లో వస్తుంది. డాక్టరు ఎముకను చెక్కి దానికి కుదురుస్తారు. ఎముక ఆకారం బాగున్నవారికి ఇది చాలు. ఖర్చు తక్కువ, వారాల తరబడి ఎదురుచూపులుండవు.

కొలతలిచ్చి చేయించే రకానికి ముందు సీటీ స్కాన్ తీస్తారు. దాని ఆధారంగా కంప్యూటర్‌లో ఆ మనిషి ఎముకకు అచ్చుగుద్దినట్టు కీలును గీస్తారు. ఈ రకంలో టీఎంజే కాన్సెప్ట్స్ కీలుకు అమెరికా అనుమతి 1999లో వచ్చింది. ఎముక బాగా అరిగిపోయినా, వంకరపోయినా ఇదే మేలు. మనదేశంలోనూ తయారవుతోంది.

కానీ అతుక్కుపోయిన కీలైతే కొన్నిసార్లు ముందు ఎముక తొలగించి, మళ్లీ స్కాన్ తీసి, కీలు తయారయ్యాక రెండోసారి ఆపరేషన్ చేయాల్సొస్తుంది. చిత్తూరు నుంచి రాయవేలూరుకో, చెన్నైకో తిరిగే కూలి కుటుంబానికి అదెంత భారమో వేరే చెప్పాలా? పైగా నోరే తెరుచుకోనివారికి మత్తివ్వడం తేలిక కాదు. ముక్కులోంచి గొట్టం పంపాలి. ఎముకను ఎక్కడ కోయాలో చూపే అచ్చుల్ని ముందే తయారుచేసుకుంటే ఒక్క ఆపరేషన్‌తోనే ముగించే వీలుంది. ఆ వీలుందో లేదో డాక్టర్ని తప్పక అడగాలి.

ఖరీదైనదే మంచిదనుకోవడం మాత్రం పొరపాటు. నొప్పి తగ్గడంలో, నోరు తెరుచుకోవడంలో రెండు రకాల ఫలితాలూ దాదాపు ఒకలాగే ఉంటున్నాయి. మన్నిక మాటకొస్తే, కొలతల రకం పెట్టించుకున్నవారిని సుమారు 20 ఏళ్ల తర్వాత పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. అరుగుదల వల్ల కీలు తీసేయాల్సిన అవసరం వారిలో ఎవరికీ రాలేదు.

ఏ రకమైనా ముఖ నరానికి దెబ్బ తగిలే ప్రమాదం, ఇన్ఫెక్షన్ భయం ఉంటాయి. నికెల్ పడనివారు ముందే చెప్పాలి. ఆపరేషన్ తర్వాత వ్యాయామం నెలల తరబడి సాగాలి. ఐస్‌క్రీం పుల్లల్ని దొంతరగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకోమంటారు. నొప్పి ఓర్చుకుంటూ, వీలైనప్పుడల్లా దొంతరలో ఇంకో పుల్ల చేర్చాలి.