డబ్బాలో కొత్తిమీర

ధనియం ఒట్టి గింజ కాదనీ, రెండు బద్దల ఫలమనీ, దాని పేరు క్రీమోకార్ప్ అనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. తీరా హాస్టలు మేడమీద పాత నూనెడబ్బాలో ధనియాలు ఉన్నవున్నట్టే చల్లాను. నీరు నిలిచి అన్నీ కుళ్ళాయి. మెస్సు వంటాయన చూసి నవ్వాడు: "నలిపి బద్దలు చేసి వెయ్యాలి బాబూ! అడుక్కి చిల్లులేవీ?" ఆయన చెప్పినట్టు చేస్తే రెండు వారాల్లో మొలకలు! పుదీనా మరీ సులువు, కూరకు తెచ్చిన కాడ గుచ్చితే చాలు. స్ట్రాబెర్రీ మాత్రం లంబసింగి చలిలో పండుతుంది గాని మన కోస్తా ఎండకు నిలవదు.

పుస్తకం నాకు పేరు నేర్పింది, ఆయన పని నేర్పాడు. వృక్షశాస్త్రం చదివే ప్రతివారి చేతా ఏడాదికొక డబ్బా పెంచించి, దానికీ మార్కులు వెయ్యాలని అధ్యాపకులకు నా మనవి.