విషమని రాశాక

పొగాకులోని నికోటిన్‌ను కర్ణాటక ప్రభుత్వం 2019లో ‘ఎ’ తరగతి విషాల్లో చేర్చింది. అయినా బెంగళూరు బడ్డీకొట్లలో ఖైనీ పొట్లాలు చాక్లెట్ల పక్కనే, పిల్లాడి చెయ్యి అందే ఎత్తులో వేలాడుతున్నాయి. పసివాడు చిటికెడు మింగితే చాలాసార్లు వాంతితో పోతుంది, నిజమే. మోతాదు మించిందా, చొంగ, చెమటలు, గుండెదడ, ఫిట్స్. చివరికి ఊపిరి ఆడించే కండరాలే చచ్చుబడతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, ఆస్పత్రిలో శ్వాస నిలబెట్టి కాపాడాల్సిందే. హుణసూరు వైపు పొలాల్లో పండే పొగాకు తడి ఆకు కోస్తే చాలు, నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి ఎక్కి, తల తిరిగి వాంతులవుతాయి. క్యాన్సర్ గురించి ఇన్నేళ్లుగా చెబుతున్నాం, మంచిదే. ఈ విషం సంగతి మాత్రం తల్లులకు ఎవరూ చెప్పడం లేదు. పొట్లం మీద ‘పిల్లలు మింగితే వెంటనే ఆస్పత్రికి’ అని కన్నడ, తెలుగు, తమిళాల్లో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాలి, ఆ పొట్లాల దండలను కొట్టు ముందునుంచి తీయించాలి.