ఏకపక్ష ఇంజంక్షన్లకు గడువు పాటించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గారికి,

నేను సివిల్ దావాల్లో ప్రతివాదుల తరఫున వాదించే న్యాయవాదిని. పొలం తగాదాలో వాది ఏకపక్షంగా ఇంజంక్షన్ తెచ్చుకుంటే, ఆ దరఖాస్తును 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలనీ, కుదరకపోతే కారణాలు రాయాలనీ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39, రూల్ 3ఏ చెబుతోంది. కానీ మేం కౌంటరు వేసినా వాయిదా మీద వాయిదా పడుతోంది, ఉత్తర్వు మాత్రం పొడిగిస్తూనే ఉన్నారు. ఈలోగా దుక్కి అదును దాటిపోతుంది. కేవియట్ వేసుకోమంటాం, అది 90 రోజులే నిలుస్తుంది. అయినా దావా పడుతుందని ముందే తెలిసే రైతులెందరు? గడువు మీరితే అప్పీలుకు వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఆ ఖర్చు చిన్న రైతు మోయలేడు.

కారణాలు నమోదు చేయకుండా ఏకపక్ష ఉత్తర్వును పొడిగించవద్దని కింది కోర్టులకు సర్క్యులర్ ఇప్పించండి.

ఇట్లు,
ఒక సివిల్ న్యాయవాది