గుప్పెట మనది, ఖోర్‌లో పాచి మనదే

ఒమన్‌లోని సలాలా తోటల్లో పనిచేసే తెలుగువాళ్లకు



తెల్లారకముందు తోట పక్క ఖోర్ (సముద్రపు పాయ) దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఒడ్డున పచ్చటి తెట్టు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. కైకలూరు, ఆకివీడు వైపు వాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. చెరువులో డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) పడిపోయిన రాత్రి మన ఇళ్లలో ఎవరికి నిద్ర పట్టింది?

యాభై కిలోల యూరియాలో 23 కిలోలు నత్రజని. అరటి తాగగా మిగిలింది నీళ్లతో ఇంకి, బోదెల్లో పారి ఖోర్ చేరుతుంది. దాన్ని మేసి పాచి బలుస్తుంది. అది చచ్చి కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ లాగేస్తుంది. సముద్రం పక్కనే ఉన్నా ఖోర్ నోటికి ఇసుక కట్ట అడ్డం. వాదీ (వాగు) పొంగితేనో, పెద్ద కెరటాలొస్తేనో తెగాలి. మన కొల్లేరు సరస్సుకి సముద్రంలోకి పోయే ఉప్పుటేరైనా ఉంది!

ధోఫార్ తీరం ఖోర్లని 1997లోనే రక్షిత ప్రాంతాలు చేశారు. కొల్లేరు 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడినేల అయింది. రక్షణకని కంచె వేస్తే మనిషినీ పశువునీ ఆపుతుంది. భూమిలోంచి ఊరే ఎరువు నీళ్లని ఏం ఆపుతుంది?

తప్పంతా మనదే అనను. ఎన్ని బస్తాలో చెప్పేది అర్బాబ్ (యజమాని). కానీ చల్లే గుప్పెట మనది. ఇంకో తమాషా: ఇదే ఒమన్‌లో, సూర్‌లో తయారయ్యే యూరియా ఓడలెక్కి మన దేశానికి పోతోంది. అక్కడ బస్తా కోసం సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టినవాళ్లం, ఇక్కడ చేతికందిందని కుమ్మరిస్తున్నాం.

జూన్‌లో ఖరీఫ్ (ఇక్కడి వానాకాలం) జల్లు పడకముందే మొదలుపెడదాం. పాదుకి ఒక్కసారే పోసే ఎరువు మూడు దఫాలుగా వేసి మట్టి కప్పండి. తడి తగిలేంతే నీళ్లు పెట్టండి, మడి పొర్లి బోదెలో పడకూడదు. ఖోర్ వైపు గట్టున పదడుగుల గడ్డి కోయకుండా వదలండి. పెంటకుప్ప పల్లంలో వేయొద్దు. మందు డబ్బాలు ఖోర్‌లో కడగొద్దు.

అర్బాబ్‌కి నీతులు చెబితే వినడు, లెక్క చెబితే వింటాడు. ఆయన్ని అడిగి ఒక్క వరస చెట్లకే ఎరువు మూడో వంతు తగ్గించండి. గెలలు దిగాక ఆ వరసవీ, పక్క వరసవీ ఆయన ముందే తూకం వేయండి.

ఈ శుక్రవారం అసర్ నమాజు అయ్యాక మనం ఎప్పుడూ కూర్చునే టీకొట్టు దగ్గరికి రండి. మీ తోటలో ఈ నెల ఖాళీ అయిన బస్తాలెన్నో కాగితం మీద రాసుకుని రండి.

— ఆకివీడు వైపు మనిషి, అరటితోట కూలీ